వైజాగ్‌లో రోజూ తిరగడానికి సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్: ముందు టాప్ చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. ఇల్లు ఎంవీపీ కాలనీలో, అపార్ట్‌మెంట్ కింద ఒకే పార్కింగ్ స్లాట్. ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. ఇంట్లో మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప, అమ్మగారు. ఇప్పుడు బాలెనో నడుపుతున్నారు. పాతిక లక్షల లోపు టాప్ తెరుచుకునే స్పోర్టీ కారు, అంటే కన్వర్టిబుల్, ఒకటి కొని రోజూ దాన్నే వాడాలని కోరిక. మూడు బండ్లు చూసిపెట్టుకున్నారు: ఢిల్లీలో 2011 బీఎండబ్ల్యూ జెడ్4, హైదరాబాద్‌లో 2017 మినీ కూపర్ ఎస్ కన్వర్టిబుల్, బెంగళూరులో 2016 ఆడి ఏ3 క్యాబ్రియోలే. వీటిలో ఏది తీసుకోవాలి, వైజాగ్‌లో రోజువారీకి అసలు పనికొస్తుందా, బాలెనోని ఎప్పుడు అమ్మాలి అని మీ ప్రశ్న.

పనికొస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఇంపోర్టెడ్ బండ్ల పనే చేస్తున్నాను, ఈ ఊళ్లో రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కన్వర్టిబుల్స్ నా చేతి మీదుగానే సర్వీసు అవుతున్నాయి. కాకపోతే మీరు బండ్లని పోల్చిన తీరులో హార్స్ పవర్, వంద స్పీడుకి ఎన్ని సెకన్లు, వీల్ సైజు ముందుకొచ్చాయి. మన ఊళ్లో కన్వర్టిబుల్ పదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే విసుగెత్తిస్తుందా అన్నది వేరే మూడు విషయాలు తేలుస్తాయి. టాప్ ఎలా ఉంది, టాప్ మీద పడ్డ నీళ్లు కిందికి దిగే దారి ఎలా ఉంది, బండి అడుగు భాగం ఎలా ఉంది. ఈ మూడూ బాగున్న బండికి ఇంజిన్ పని వస్తే ఒకసారి డబ్బు పెట్టి తీర్చుకోవచ్చు. ఈ మూడూ చెడిపోయిన బండి ప్రతి వానాకాలం షెడ్డుకి వస్తూనే ఉంటుంది.

కాబట్టి బండి కంటే ముందు మీ పార్కింగ్ గురించి. స్లాట్ పూర్తిగా స్లాబ్ కింద ఉందా, సగం బయటికి ఉందా? సగం బయట ఉంటే, వాన జల్లు కొట్టే వైపు డిక్కీ ఉంటే, ఈ ఆలోచన అక్కడే ఆపేయమంటాను. సముద్రపు గాలిలో ఉప్పు తేమతో కలిసి ఇనుము మీద పల్చటి పొరలా కూర్చుంటుంది, తుప్పుకి అదే దారి. మామూలు కారులో అది బోల్టులకీ, సైలెన్సర్‌కీ పడుతుంది. కన్వర్టిబుల్‌లో వీటితో పాటు టాప్‌ని మడిచే కీళ్లు, చిన్న చిన్న స్విచ్‌లు, డిక్కీ మూలల్లో ఉండే కనెక్టర్లు కూడా బలవుతాయి. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టిందంటే టాప్ ఒకరోజు తెరుచుకుంటుంది, ఇంకోరోజు మొరాయిస్తుంది. లాసన్స్ బే, పెద వాల్తేరు బీచ్ వైపు ఇళ్లవాళ్ల బండ్లలో ఇది మరీ ఎక్కువగా చూస్తాను. ఎంవీపీ కాస్త లోపలికి ఉంది కాబట్టి కొంత నయం. పోర్టుకి దగ్గరగా, జ్ఞానాపురం, పాతపోస్టాఫీసు వైపు ఉండేవాళ్లకి ఇంకో బాధ ఉంది. బొగ్గు నుసి గుడ్డ టాప్ నేతలోకి దిగిపోతుంది, గట్టిగా రుద్దితే నేత చెడుతుంది. మీకు ఆ బాధ లేదు.

ఇంకొకటి, టాప్ ఎప్పుడు తెరుస్తారో నిజాయితీగా లెక్క వేసుకోండి. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిది దాటాక టాప్ తెరిచి ఆఫీసుకి వెళ్తే చొక్కా తడిసి ముద్దవుతుంది. వానలు జూన్‌లో మొదలైతే అక్టోబర్‌లోనే ఎక్కువ కురుస్తాయి, వాయుగుండాలు నవంబర్ దాకా వస్తూనే ఉంటాయి. బాగా అనుభవించగలిగేది నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా, మిగతా కాలంలో సూర్యోదయానికీ, పొద్దుగూకాకా. జోడుగుళ్లపాలెం దాటి సాగర్‌నగర్ మీదుగా రుషికొండ వెళ్లే మీ దారి దీనికి దేశంలోనే అరుదైన దారి. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, చలికాలం పొద్దున ఏడింటికి ఆ గాలి తగిలితే పెట్టిన డబ్బుకి అర్థం కనిపిస్తుంది. మిగతా సమయం అంతా టాప్ మూసి ఏసీ వేసుకుని వెళ్లే మామూలు కారుగానే అది మీకు ఉపయోగపడాలి. రోజువారీ కన్వర్టిబుల్‌ని టాప్ మూసినప్పుడు ఎలా ఉందో చూసి కొనాలి అని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ఇప్పుడు మీ మూడు బండ్లు.

జెడ్4 అందరికంటే అందగత్తె, కాదనను. మీది ఎస్‌డ్రైవ్35ఐ అన్నారు కాబట్టి 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో. ఆ ఇంజిన్ లాగుతుంటే వచ్చే హాయి వేరు. దాని హై ప్రెజర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ఎలక్ట్రిక్ వాటర్ పంపు మాత్రం ప్రపంచమంతా పేరుపడ్డ ఖర్చులు. టాప్ గుడ్డ కాదు, రెండు ముక్కలుగా మడుచుకునే అల్యూమినియం కప్పు. మూసినప్పుడు కూపే కారంత నిశ్శబ్దంగా, గట్టిగా ఉంటుంది, పిల్లి గోళ్ల భయం లేదు. దానికి మూల్యం డిక్కీలో కడతారు. టాప్ మూసి ఉంటే 310 లీటర్లు, తెరిస్తే 180. ఈ మోడల్‌లో డిక్కీ మూతలోకి వెళ్లే వైర్లు మడతల దగ్గర తెగడం మామూలు, అప్పుడు టాప్ సగంలో ఆగుతుంది. వీటన్నిటి కంటే పెద్ద సంగతి, అది రెండు సీట్ల బండి. పాపనీ అమ్మగారినీ ఒకేసారి ఎక్కించలేరు. పాప ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా కూర్చోవాలి. ఇంట్లో ఇంకో కారు ఉంటే తప్ప మీకు కుదరదు.

దాని ధర తక్కువగా కనిపించడానికి కారణం కూడా చెప్పాలి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత అమలు మీద ఎన్ని మలుపులు తిరిగినా అక్కడి ఓనర్లకి పాత బండి మీద బెంగ పోలేదు. 2011 బండికి 15 ఏళ్లు 2026లోనే నిండుతాయి. అది ఇక్కడికి తెచ్చినా ఆర్‌సీ గడువు అదే, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకి ఈ ఫీజు 5 వేలు, ఆర్‌సీలో ఇంపోర్టెడ్ అని ఉన్న కారుకి 40 వేలు. జెడ్4 బయటి నుంచి పూర్తిగా తయారై వచ్చిన బండి, ఆర్‌సీలో ఆ గడి చూసుకోండి.

మినీ విషయానికొస్తే 2016 నుంచి మన దగ్గర అమ్మిన తరం ఇది, 2.0 లీటర్ల టర్బో, 192 హార్స్ పవర్. అంతకు ముందు 2012 నుంచి అమ్మిన 1.6 లీటర్ల తరం కంటే ఈ ఇంజిన్ చాలా నమ్మకమైనది. పాత తరంలో కూలెంట్ లీకులు, టైమింగ్ చైన్ చప్పుడు చూసి చూసి ఉన్నాను, ఎవరైనా ధర తగ్గించి ఇస్తామన్నా అటు వెళ్లొద్దు. 2017 బండిలో టాప్ 18 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకి 30 కిలోమీటర్ల లోపు నడుస్తుండగా కూడా. పూర్తిగా తెరవకుండా ముందు భాగం ఒక్కటే వెనక్కి జరిపి సన్‌రూఫ్‌లా వాడుకునే వీలుంది. మన ఎండలకి, సాయంత్రాలకి ఇది ఎంత ఉపయోగమో వాడినవాళ్లకే తెలుసు. అయితే వెనక సీటు పాపకి సరిపోతుంది గానీ అమ్మగారికి నరకం. డిక్కీ 215 లీటర్లు, టాప్ తెరిస్తే 160. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి రన్‌ఫ్లాట్ టైర్లయితే ప్రతి గతుకూ నడుముకి తెలుస్తుంది. మధురవాడ లోపలి రోడ్లలో తిరిగేవాళ్లకి నేను చెప్పను. బీచ్ రోడ్డు మీదే ఎక్కువ తిరిగే మీకు ఫర్వాలేదు.

ఏ3 క్యాబ్రియోలే నా ఎంపిక. నాలుగు నిజమైన సీట్లు, గుడ్డ టాప్, మూసి ఉంటే 320 లీటర్ల డిక్కీ. టాప్ 18 సెకన్లలో, గంటకి 50 కిలోమీటర్ల లోపు వేగంలో కదులుతుంది. సిగ్నల్ దగ్గర చినుకు మొదలైతే ఆగాల్సిన పని లేదు, నడుపుతూనే మూసేయొచ్చు. హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. మన దేశంలో 2014 డిసెంబర్‌లో 1.8 లీటర్ల టర్బోతో వచ్చింది, 2017లో 1.4 లీటర్ల ఇంజిన్‌కి మారింది. మీరు చూసిన 2016 బండి 1.8, 180 హార్స్ పవర్. జెడ్4 లాంటి ఊపు ఆశించొద్దు, కానీ హైవే మీద లారీని దాటడానికి కాలు కదిపితే చాలు.

దీనికీ తద్దినాలు ఉన్నాయి. గేర్‌బాక్స్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తానే మార్చుకునేది, ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌ల రకం. నత్తనడక ట్రాఫిక్ దానికి పడదు, ఎత్తు ఎక్కుతూ నత్తనడక అయితే మరీ పడదు. ఐటీ హిల్ ఎక్కేటప్పుడు ఆఫీసు వేళల్లో మీకు రోజూ అదే పరిస్థితి. ముందు బండికి కాస్త జాగా వదిలి, ఒక్కసారిగా కదిలి, బ్రేకు మీద ఆగే అలవాటు చేసుకోండి. యాక్సిలరేటర్‌తో బండిని వాలులో నిలబెట్టడం మాత్రం వద్దే వద్దు. కొనేటప్పుడు ఒక ఎత్తు మీద ఆపి, బ్రేకు వదిలి, మెల్లగా కదిలించి చూడండి. మొదటి గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు వణుకు వస్తే క్లచ్ అరిగింది. డ్రైవ్ నుంచి రివర్స్‌కి వేసినప్పుడు గట్టిగా తన్నినా, డ్యాష్ మీద గేరు నంబరు మెరుస్తూ కనిపించినా గేర్లు మార్పించే మెకాట్రానిక్ యూనిట్ మీద అనుమానపడాలి. అది పెద్ద ఖర్చు. ఇంజిన్‌లో అయితే థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది, కూలెంట్ కారడం ఈ ఇంజిన్‌కి తెలిసిన జబ్బే. మార్చి ఉంటే బిల్లు అడగండి, మార్చకపోతే ఆ డబ్బు ధరలో తగ్గించమనండి.

ఇక అసలు పని, టాప్ పరీక్ష. దీనికి గంట కేటాయించండి, అమ్మేవాళ్లు తొందరపెడితే వెనక్కి వచ్చేయండి.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి మూడుసార్లు పూర్తిగా తెరిచి మూయించండి. మొదటిసారి ఊరికే వినండి. హైడ్రాలిక్ పంపు చప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి, మధ్యలో మూలిగినట్టు సాగితే ఆయిల్ తగ్గింది, లేదా సిలిండర్ కారుతోంది. రెండోసారి కుడి ఎడమలు సమానంగా కదులుతున్నాయా చూడండి, ఒకవైపు వెనకబడితే ఫ్రేమ్ వంగి ఉండొచ్చు. మూడోసారి టాప్ సగం తెరుచుకున్నప్పుడు స్విచ్ వదిలేసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ నొక్కండి. అక్కడి నుంచి సాఫీగా కొనసాగితే స్విచ్‌లూ సెన్సార్లూ బాగున్నట్టు. బ్యాటరీ బలహీనంగా ఉంటే కూడా టాప్ ఆగిపోతుంది. అమ్మేవాళ్లు 'బ్యాటరీ డౌన్ సార్, అంతే' అంటే, కొత్త బ్యాటరీ వేయించాకే మళ్లీ వస్తానని చెప్పండి.

టాప్ మూశాక వెనక అద్దం అంచు వెంట వేలు పెట్టి మెల్లగా తోసి చూడండి. గుడ్డకీ అద్దానికీ మధ్య అతుకు వేడికీ తేమకీ వదులుతుంది. అతుకు వదిలితే చాలాసార్లు మొత్తం గుడ్డ మార్చాల్సి వస్తుంది. మడత పడే చోట్ల, ముఖ్యంగా వెనక చక్రాల పైన ఉండే మూలల్లో, నేత పలచబడిందా అని టార్చి లోపలి నుంచి వేసి బయట చూడండి. వెలుతురు కనిపిస్తే నీళ్లూ కనిపిస్తాయి. తలుపు అద్దాలు ఆనే రబ్బరు బీడింగ్ మీద గోటితో నొక్కండి, వెంటనే పైకి లేవాలి. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే రబ్బరు ఎండిపోయింది.

తర్వాత నీళ్ల దారి. చాలామందికి తెలియనిదీ, నేను మిగతావాటి కంటే ఎక్కువ పట్టుబట్టేదీ ఇదే. గుడ్డ టాప్ మీద పడ్డ నీళ్లు జారి వెనక ఒక కాలువలోకి చేరతాయి. అక్కడి నుంచి రెండు పక్కలా రబ్బరు గొట్టాల గుండా చక్రాల వెనక నేల మీదికి దిగాలి. చెట్టు కింద నిలిపిన బండిలో ఎండుటాకులు, పూరేకులు ఆ కాలువలో కుళ్లి గొట్టం నోరు మూసేస్తాయి. అప్పుడు నీళ్లు వెనక్కి తన్ని సీట్ల కిందికి, స్పేర్ చక్రం గుంటలోకి పోతాయి. మీరు టాప్ సగం తెరిపించి ఒక లీటరు సీసా నీళ్లు ఆ కాలువలో మెల్లగా పోయండి. ఇంకొకరిని బండి కింద చూడమనండి. పోసిన కొద్ది క్షణాలకే వెనక చక్రం దగ్గర ధార కనిపించాలి. రాకపోతే, లేదా చుక్కలుగా వస్తే, కార్పెట్ ఎత్తించి కింద స్పాంజిని చేత్తో పిండి చూడండి. పైన కార్పెట్ ఎండినా కింద స్పాంజి వారాల తరబడి తడిగానే ఉంటుంది, కంట్రోల్ యూనిట్లు కొన్ని ఆ కిందే ఉంటాయి. మీరు కొన్నాక ప్రతి వానాకాలం ముందు ఆ గొట్టాలు శుభ్రం చేయించాలి. ఇనుప తీగ పెట్టనివ్వకండి, గొట్టం చిల్లు పడుతుంది. గడ్డి కోసే మెషిన్‌లో వాడే లావు నైలాన్ తీగ చాలు.

టెస్ట్ డ్రైవ్‌లో టాప్ తెరిచి, చిన్న స్పీడ్ బ్రేకర్ ఒకటి ఏటవాలుగా ఎక్కించండి. లోపలి అద్దం కాస్త వణకడం సహజం, పైకప్పు లేని బండికి ఆ మాత్రం ఊగుడు ఉంటుంది. డ్యాష్‌బోర్డు మొత్తం కిర్రుమంటే, తలుపు సందులు ముందూ వెనకా వేర్వేరుగా కనిపిస్తే, పాత యాక్సిడెంట్ ఉందేమో వెతకాలి. కన్వర్టిబుల్‌కి గట్టిదనం అంతా నేల భాగం నుంచే వస్తుంది కాబట్టి అక్కడ వెల్డింగ్ చేసిన బండిని మాత్రం ఎంత చవకైనా తీసుకోవద్దు.

అడుగు భాగం లిఫ్ట్ మీద చూడాల్సిందే. సబ్‌ఫ్రేమ్ బోల్టులు, బ్రేకు పైపులు, జాక్ పెట్టే చోట్లు. పైపైన తుప్పు మరక ఫర్వాలేదు, స్క్రూడ్రైవర్‌తో గోకితే పొరలు ఊడితే వద్దు. కొత్తగా నల్లటి పూత దట్టంగా వేసి ఉంటే దాని కింద ఏముందో అని అనుమానించండి. బెంగళూరు, హైదరాబాద్ బండ్లకి సముద్రపు ఉప్పు బెడద ఉండదు, మీకు అది మంచిదే. కానీ వరద సంగతి వేరు. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు ఖరీదైన కార్లు బేస్‌మెంట్లలో మునిగాయి. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ వరదలు మర్చిపోలేం. ఇక్కడ హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న ఊరిని ఊడ్చేశాక మా వీధిలో వరసగా నిలిపిన కార్ల లోపల ఇసుక, అద్దం ముక్కలు, చెట్ల కొమ్మలు కలిసి ఉండేవి. వాటిలో చాలా కడిగి, రంగు వేసి, దూరం ఊళ్లకి అమ్ముడుపోయాయి. అందుకే ఏ ఊరి బండైనా సీటు బెల్టుని చివరంటా లాగండి. లోపలి చివర మట్టి గీత ఉంటే నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో అదే చెప్తుంది. సీటు పట్టాలు, కిందున్న స్ప్రింగులు చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర పాలసీ నంబరుతో అడిగి తెప్పించండి.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తక్కువ తిరిగిన కన్వర్టిబుల్స్‌లో ట్రెడ్ కొత్తగా ఉండి రబ్బరు ముసలిదై ఉంటుంది. ఆరేడేళ్లు దాటితే నాలుగూ మార్చే ఖర్చు కలుపుకోండి. కంప్యూటర్ స్కాన్ తప్పనిసరి. మీతో ఒక మెకానిక్‌ని ఆ ఊళ్లోనే మాట్లాడుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాళ్లని కాదు.

కాగితాల సంగతి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచుకుంటే మన నంబరు తీసుకోవాలని చట్టం. ముందు అక్కడి ఆర్‌టీఓ నుంచి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30. లోను ఉండి తీరిపోతే బ్యాంకు ఇచ్చే ఫారం 35. ఇవన్నీ సంతకాలతో చేతికొచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వండి. ఇక్కడ మాధవధార రవాణా శాఖ కార్యాలయంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద కాకుండా బండి అసలు ధర, వయసు చూసి లెక్క వేస్తారు, కాబట్టి అంకె మీరనుకున్న దానికంటే పెద్దదే ఉంటుంది. బెంగళూరు వెళ్లేముందే ఆ ఆఫీసుకి ఆర్‌సీ కాపీ, ఇన్‌వాయిస్ పట్టుకెళ్లి లెక్క కాగితం మీద రాయించుకోండి. అక్కడ కట్టిన పన్నులో మిగతా కాలానికి వాపసు ఆ రాష్ట్రం నుంచి అడగొచ్చు, దానికి ఓపిక కావాలి. చలాన్లు పరివాహన్ సైట్‌లో ముందే చూసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి 14 రోజుల్లోపు మార్చమని దరఖాస్తు పెట్టండి.

ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక ఉంది. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకి తరుగు 50 శాతం కోస్తారు. రబ్బరు బీడింగులు అందులోకే వస్తాయి, టాప్ గుడ్డకి ఎంత కోస్తారో ముందే అడగండి. ఆ తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ పాత బండ్లకి అందరూ ఇవ్వరు, మీ 2016 బండికి ఎవరిస్తారో కొనే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లలో ఇంజిన్ పాడైతే కవర్ చేసే ఇంజిన్ ప్రొటెక్షన్ దొరికితే తప్పక తీసుకోండి. ఆడి బండ్ల సర్వీసు మన ఊళ్లో ఏ వర్క్‌షాప్‌లో అవుతుందో, టాప్ పని కూడా అక్కడే చేస్తారా లేక హైదరాబాద్ పంపుతారా అని కూడా ముందే అడగండి. హైదరాబాద్‌కి ఫ్లాట్‌బెడ్ మీద పంపాలంటే 600 కిలోమీటర్ల పైమాట. అందుకే పాతికలో ఇరవై, ఇరవై ఒకటి బండికి పెట్టి, మిగతాది ట్యాక్స్‌కీ మొదటి ఏడాది పనులకీ ఉంచుకోండి. పూర్తి బడ్జెట్ బండికే పోసినవాళ్లు మొదటి రిపేరుకే మనసు విరుచుకుంటారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది, బండి తప్పు అందులో ఏమీ ఉండదు.

పెట్రోల్ గురించి. ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ మీద ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది. 95 అని ఉంటే అంతకు తగ్గని పెట్రోలే పోయండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం. 2023 ఏప్రిల్‌కి ముందు బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకి కొదవ లేదు. కాబట్టి బండిని వారాల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టొద్దు, ఫ్యూయల్ పైపులు ఏటా చూపించండి. ఇంటి నుంచి ఆఫీసుకి మీకు సుమారు పది కిలోమీటర్లే. అంత తక్కువ దూరంలో ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పడుతుంది. వారానికొకసారి భీమిలి దాకానో, ఆనందపురం హైవే మీదో ఒక అరగంట స్థిరంగా నడపండి. ఇంజిన్ ఆయిల్‌ని బండి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చండి.

గుడ్డ టాప్‌ని ప్రెజర్ వాటర్‌తో కడగనివ్వకండి. మెత్తటి బ్రష్, మామూలు నీళ్లు, నేత దిశలోనే. ఏడాదికోసారి గుడ్డకి నీరు అంటకుండా చేసే ద్రవం పట్టించాలి, బీడింగులకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. తడి టాప్‌ని మడవొద్దు. తడి గొడుగు మడిచి బీరువాలో పెడితే ఏమవుతుందో లోపల అదే అవుతుంది. బీచ్ రోడ్డు మీద సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో తిరిగాక అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. కన్వర్టిబుల్ లోపల బ్యాగులు, ల్యాప్‌టాప్ కనిపించేలా వదలకండి, గుడ్డ కోయడానికి ఒక బ్లేడు చాలు. పాపకి వెనక సీట్లో ఐసోఫిక్స్ బూస్టర్, అంటే కారులోని కొక్కేలకి తగిలించే పిల్లల సీటు, బిగించండి, టాప్ తెరిచినప్పుడు టోపీ, కళ్లద్దాలు పెట్టండి. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వెళ్లేటప్పుడు టాప్ మూసే ఉంచండి. ట్రెయిలర్ల చక్రాల ఎత్తులో మన తల ఉంటుంది, ఆ దుమ్మూ పొగా పిల్లలకి మంచిది కాదు. అరకు ఘాట్ శృంగవరపుకోట నుంచి టాప్ తెరిచి వెళ్లొచ్చు, అనంతగిరి దాటాక చలి తెలుస్తుంది. రోడ్డు పని జరుగుతున్న చోట మాత్రం మెల్లగా, బండి కింద ఎత్తు తక్కువ.

అమ్మగారి గురించి ఒక మాట. ఏ3 మీదకి మనసు పోయినా ముందు ఆవిడని తీసుకెళ్లి ఏదైనా రెండు తలుపుల కారులో వెనక సీట్లోకి ఎక్కించి దించి చూడండి. ముందు సీటు ఒంచి, తల వంచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది రోజూ కష్టం. ఆవిడ ముందు కూర్చుని మీ ఆవిడ వెనక సర్దుకుంటే సరిపోతుందేమో ఇంట్లో మాట్లాడుకోండి. సరిపోదు అంటే 2020లో వచ్చిన తరం థార్ కన్వర్టిబుల్ సాఫ్ట్ టాప్ చెప్పబోయేవాణ్ణి, కానీ దాని వెనక సీటు ఎక్కడం ఇంకా కష్టం. అది మీకు జవాబు కాదు.

బాలెనో విషయం. స్లాట్ ఒకటే అయినా ఇప్పుడే అమ్మొద్దు. పక్క వీధిలో నెలకింత అని ఒక చోటు అద్దెకి తీసుకుని అది అక్కడ ఉంచండి. ఏ3ని ఏ నెలలో తెచ్చినా ఒక అక్టోబర్ వానలు పూర్తిగా దాటనివ్వండి. నవంబర్ మొదట్లో వెనక కార్పెట్ ఎత్తి స్పాంజి పొడిగా ఉందా, గేర్‌బాక్స్ స్కాన్‌లో కొత్త కోడ్‌లు లేవా, అమ్మగారు ఇబ్బంది లేకుండా తిరుగుతున్నారా చూసుకోండి. మూడూ సరిగ్గా ఉంటే అప్పుడు బాలెనో అమ్మేయండి. బెంగళూరు వెళ్లేముందు బండి ఆర్‌సీ, సర్వీసు బిల్లులు, టాప్ కదులుతున్న వీడియో తెప్పించి ఇక్కడ పెట్టండి, బయల్దేరడం దండగా కాదా అన్నది అవి చూసి చెప్తాను.